విజయనగరంలో ఈవీ: కిలోమీటరుకి అసలెంత పడుతోందో మీరెలా లెక్క కడుతున్నారు?

తోటపాలెం టియాగో:

అందరికీ నమస్కారమండి. మాది విజయనగరం, తోటపాలెం. చీపురుపల్లి దగ్గర హైస్కూల్లో పనిచేస్తాను, చెప్పేది లెక్కలే, కాబట్టి ఈ ప్రశ్న అడగడానికి కాస్త మొహమాటంగానే ఉంది. టియాగో ఈవీ వాడుతున్నాం, 24 కిలోవాట్ అవర్ బ్యాటరీది. రోజూ నెల్లిమర్ల, గరివిడి మీదుగా స్కూలుకెళ్లి రావడం, ఎప్పుడైనా ఆదివారం వైజాగ్, అంతే తిరుగుడు. ఛార్జింగ్ మొత్తం ఇంటి దగ్గరే, పోర్టికోలో 15 ఆంప్స్ ప్లగ్గుకి కారుతో ఇచ్చిన ఛార్జర్ తగిలించి రాత్రి వదిలేస్తాం.

స్టాఫ్ రూంలో సైన్సు మాస్టారు కూడా ఈవీ కొందామని చూస్తున్నారు, కిలోమీటరుకి ఎంత పడుతుందో సరిగ్గా చెప్పండి అన్నారు. కారు రాకముందు బిల్లులు, ఇప్పటి బిల్లులు పక్కపక్కన పెట్టి చూస్తే నెలకి 150 యూనిట్లు పెరిగాయి, తిరిగేది 1,100 కిలోమీటర్లు. బిల్లుని మొత్తం యూనిట్లతో భాగించి ఆ రేటు వేస్తే 80 పైసలొచ్చింది. అక్కడే కూర్చున్న సోషల్ మేడమ్ గారు అందుకున్నారు, వాళ్లింట్లోనూ ఇదే కారు, తిరుగుడు కూడా ఇంచుమించు ఇంతే, మాకు రూపాయి ఇరవై దాటుతోంది మాస్టారూ, మీకు 80 పైసలెలా వస్తుంది అని. నా దగ్గర జవాబు లేదు.

ఇంకోటి, కారు స్క్రీన్ మీద కిలోమీటరుకి 118 వాట్ అవర్లు అని చూపిస్తోంది. యూనిట్ అంటే వెయ్యి వాట్ అవర్లు కదా, ఆ ప్రకారం 1,100 కిలోమీటర్లకి 130 యూనిట్లే అవ్వాలి. మరి మిగతా 20 యూనిట్లు ఎవరు తాగీసినట్టు?

ప్రస్తుతానికి ఒక నోట్‌బుక్‌లో ప్లగ్గు పెట్టినప్పుడు ఎంత శాతం, తీసినప్పుడు ఎంత శాతం, ఎన్ని గంటలు పెట్టాం అని రాస్తున్నా, గంటకి 3.3 యూనిట్లు వేసుకుంటున్నా. ఏదీ దేంతోనూ కలవట్లేదు. మీరంతా ఏం రాస్తున్నారు, ఏ యాప్ వాడుతున్నారు, అసలు ఏ అంకెలు రాసుకుంటే చాలు? పనిలో పని ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆపాలా, 100 పెట్టాలా అన్నది కూడా చెప్పేయండి, ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తున్నారు.

నాగావళి ఒడ్డు:

మాస్టారూ, మీరు చెప్పింది, మేడమ్ గారు చెప్పింది రెండూ నిజమయ్యే అవకాశం ఉంది. మాది శ్రీకాకుళం, డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర, బండి పాత నెక్సాన్ ఈవీ, 30.2 బ్యాటరీది. నేను మొదటి నుంచీ ఎక్సెల్‌లో రాస్తున్నా కాబట్టి కొంచెం పెద్దగా చెప్తా, ఓపిక పట్టండి.

ముందు రేటు సంగతి. మనకి ఇంటి కరెంటు శ్లాబుల్లో వస్తుంది కదా, మొదటి 30 యూనిట్లు 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. ఫ్రిజ్జు, ఫ్యాన్లు, మోటారు కారు ఉన్నా లేకపోయినా తిరుగుతాయి, కింది చవక శ్లాబులన్నీ వాటికే అయిపోతాయి. కారు పెళ్లికి ఆఖరి బంతికి వచ్చిన చుట్టం లాంటిది, మిగిలినవే దాని విస్తట్లో పడతాయి. కాబట్టి బిల్లు మొత్తానికి సగటు తీసి కారుకి వేస్తే కారు చవగ్గా కనిపిస్తుంది, ఫ్రిజ్జు ఖరీదుగా కనిపిస్తుంది. కారు రావడం వల్ల బిల్లు ఎంత పెరిగిందో అదే కారు ఖర్చు.

మీ ఇంటి వాడకం 180 యూనిట్లు అనుకుని చూద్దాం, మీకొచ్చిన 80 పైసలు దానికే సరిపోతోంది. దాని మీద కారు 150. 181 నుంచి 225 దాకా 45 యూనిట్లు ఆరేసి రూపాయలు, 270. మిగతా 105 యూనిట్లు 8.75 లెక్కన 918.75. మొత్తం 1,188.75, మీ 1,100 కిలోమీటర్లకి పంచితే 1.08. అదే 330 యూనిట్ల మొత్తం 1,935.75ని సగటు చేస్తే యూనిట్ 5.87, అక్కడ మీకు 80 పైసలు కనిపించింది. ఇప్పుడు మేడమ్ గారింట్లో ఏసీలు ఎన్నో అడగండి. ఇల్లే 300 యూనిట్లు కాలుస్తుంటే ఇవే 150 యూనిట్లకి 100 యూనిట్లు 8.75తో, 50 యూనిట్లు 9.75తో, 1,362.50 అవుతుంది, కిలోమీటరుకి 1.24. బండి అదే, రోడ్డు అదే, ఇల్లు మారింది అంతే.

మీకు కూడా నెల నెలా మారుతుంది. సంక్రాంతి చలికి ఫ్యాన్లు కూడా ఆపేసి ఇల్లు 100 యూనిట్లకి దిగిందనుకోండి, కారుకి 931 రూపాయలే, 85 పైసలు. మే నెలలో ఇల్లు 300కి ఎక్కితే 1.24కి పోతారు. అందుకే ఒక్క నెల బిల్లు పట్టుకుని ఎవరికీ జవాబు చెప్పకండి. ఇవన్నీ ఎనర్జీ ఛార్జీలు మాత్రమే, దీని మీద డ్యూటీ, ట్రూ అప్ (పాత ఖర్చుల సర్దుబాటు) లాంటివి యూనిట్‌కి ఇన్ని పైసలని పడతాయి, అవి బిల్లు కింద చూసి కలుపుకోండి. ఫిక్స్‌డ్ ఛార్జీ మటుకు కారు ఖాతాలో వేయకండి, కారు కోసం లోడ్ పెంచుకుని ఉంటే తప్ప.

ఇక ఆ 20 యూనిట్లు. కారు చూపించే 118 బ్యాటరీ నుంచి బయటికెళ్లిన కరెంటు. మీటరు చూపించేది గోడ నుంచి లోపలికొచ్చింది. మధ్యలో కారులోని ఛార్జరు గోడ నుంచి వచ్చే ఏసీ కరెంటుని బ్యాటరీకి ఎక్కే డీసీగా మార్చాలి, అక్కడ కొంత వేడిగా పోతుంది, కారు లోపలి కంప్యూటర్లు, కూలింగ్ పంపు ఛార్జింగ్ అయినంతసేపూ మేలుకునే ఉంటాయి. మీకు 150కి 130 అందుతోంది, అంటే 13 శాతం పోతోంది, ఇంటి ప్లగ్గు మీద 10 నుంచి 15 శాతం పోవడం మామూలే. మైలేజీ ఫొటోలు పెట్టి గొప్పలు చెప్పుకునేవాళ్లందరూ స్క్రీన్ అంకె చెప్తారు, డబ్బు మాత్రం గోడ దగ్గర కడతాం. మీ అసలు మైలేజీ యూనిట్‌కి 8.5 కాదు, 7.3.

శాతాలు రాయడం మానేయండి, మీ బండిలో ఉన్నది ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీ, దాని వోల్టేజి మధ్యలో ఎక్కువ భాగం దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి ఎంత మిగిలిందో బండికే సరిగ్గా అంతుపట్టదు, లోపలికి ఎంతెళ్లింది బయటికెంతొచ్చింది అని లెక్కపెట్టుకుంటూ అంచనా వేస్తుంది. పూర్తిగా నింపకుండా వారాల తరబడి 40 నుంచి 80 మధ్యే తిప్పితే ఆ అంచనా పక్కకి జరిగిపోతుంది. మీరు వారానికోసారి 100 దాకా స్లో ఛార్జింగ్ పెట్టి, కాసేపు అలా వదిలేస్తే సెల్స్ కూడా సమానమవుతాయి, అంకె కూడా దారిలోకొస్తుంది. 80 దగ్గర ఆపమనే సలహా ఎక్కువగా ఎన్ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్ రకం) బ్యాటరీల వాళ్లది, మనకి అలాగే అంటించేశారు. 100 పెట్టి నాలుగు రోజులు ఎండలో బండి కదపకుండా ఉంచకండి, అది మాత్రం ఏ బ్యాటరీకీ మంచిది కాదు.

రాయాల్సింది మూడే మూడు అంకెలు. మీటరు రీడింగ్ తీసే అబ్బాయి వచ్చిన రోజున ఇంటి మీటరు, కారు ప్లగ్గు ఒక్కదానికే విడిగా వేయించుకునే సబ్ మీటరు, బండి ఓడోమీటరు. నెలకోసారి, బిల్లు వెనకే రాసేసుకోవచ్చు.

రాజాం బుల్లెట్:

ఏటండీ ఈ గోల. పెట్రోలు కారు ఉన్నన్నాళ్లూ ఎవడైనా ఇలగ పైసల్లెక్కన రాసేడేటి? బంకులో ట్యాంకు ఫుల్లు చేయించీసి వచ్చీసేవోళ్లం. లీటరు 110 దగ్గరుంది, మా పాత స్విఫ్ట్‌కి ఊళ్లో 16 ఇస్తే గొప్ప, కిలోమీటరుకి ఏడు రూపాయలు. ఇప్పుడు 80 పైసలా, రూపాయి పావలాయా అని స్టాఫ్ రూంలో కొట్టుకుంటన్నారు. ఏదైతే ఏటి, ఆరో వంతుకి వచ్చీసింది కదా. హాయిగా తిరగండి మాస్టారూ.

నాగావళి ఒడ్డు:

బుల్లెట్ గారూ, ఖర్చు వరకే అయితే మీ మాట ఒప్పుకుంటా. నేను రాసేది బండి ఆరోగ్యం కోసం. మాకు ఊళ్లో మామూలుగా కిలోమీటరుకి 140 వాట్ అవర్ల దగ్గర నడిచే అంకె ఒక వారం 155 దాటి కూర్చుంది, దారి మారలేదు, ఏసీ మారలేదు, చూస్తే వెనక ఎడమ టైరులో సన్నటి మేకు, రోజుకింత గాలి దిగుతోంది, కంటికి తెలియట్లేదు. పెట్రోలు బండిలో ఇది ఎప్పటికో గానీ బయటపడదు. ఈవీలో అంకె వెంటనే చెప్పేస్తుంది, మనం మామూలు అంకె ఎంతో తెలిసి ఉండాలంతే.

ఏసీ సంగతి కూడా రాస్తేనే అర్థమవుతుంది. ఏసీ గంటకి ఒక యూనిట్ తింటుందనుకోండి. హైవే మీద 80లో పోతుంటే ఆ యూనిట్ 80 కిలోమీటర్లకి పంచుకుంటుంది, కిలోమీటరుకి 12 వాట్ అవర్లు. అదే ఏడురోడ్ల జంక్షన్ చుట్టూ సాయంత్రం పూట గంటకి 20 చొప్పున ఈడుస్తుంటే కిలోమీటరుకి 50. సిటీలో ఈవీ బాగా ఇస్తుందంటారు, ఎండాకాలం ట్రాఫిక్‌లో ఆ మాట నిలబడదు.

కరెంటు మేస్త్రి:

బొబ్బిలిలో వైరింగ్ పనులు చేస్తాను, ఈ రెండేళ్లలో కారు ప్లగ్గు పెట్టిన ఇళ్లు బాగానే చూసేను, అందుకని చెప్తన్నాను. లెక్క తరవాత సంగతి, ముందు మాస్టారు గారు ఒక పని చెయ్యండి, రాత్రి ఛార్జింగ్ పెట్టిన గంట తరవాత వెళ్లి ప్లగ్గు టాప్ మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్లేదు. చెయ్యి ఉంచలేకపోతే మటుకు ఆపీండి. గీజరు ఇరవై నిమిషాలు తిరిగి ఆగిపోతాది, మోటారు అరగంట, అదే 15 ఆంప్స్ ప్లగ్గు మీద కారు ఏడెనిమిది గంటలు ఏకధాటిగా లాగుతాది. లోపల స్ప్రింగు క్లిప్పు కాస్త వదులైనా అక్కడ వేడి పుట్టి తెల్ల ప్లాస్టిక్ ముందు పసుపు రంగుకి తిరుగుతాది, తరవాత గోధుమ రంగు, అప్పుడు కాలిన వాసన. నేను విప్పిన వాటిల్లో చాలా వరకు ఒకే పిన్ను వేపు కాలి ఉంటాది, అంటే వైరు తప్పు కాదు, స్క్రూ బిగించలేదు.

చేయించాల్సింది ఏటంటే మెయిన్ బోర్డు నుంచి విడిగా 4 స్క్వేర్ రాగి వైరు, దానికి సొంత 20 ఆంప్స్ ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్చు), 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపీసేది), సాకెట్ మంచి ఇండస్ట్రియల్ టైపు. ఎంసీబీ పక్కనే అదే పట్టీ (డిన్ రైలు) మీద కూర్చునే చిన్న సింగిల్ ఫేజ్ డిజిటల్ మీటరు వస్తాది, అదే మీ సబ్ మీటరు. పెద్ద ఖర్చు కాదు. ఎర్త్ గొయ్యి పాత ఇళ్లల్లో ఎండిపోయి ఉంటాది, ఉప్పు, బొగ్గు కొత్తగా వేసి నీళ్లు పోయించండి, లేకపోతే కారు ఛార్జరు ఎర్రలైటు వెలిగించి కూర్చుంటాది, బండి పాడైందని షోరూంకి పరిగెడతారు. మీరు గంటకి 3.3 అని వేస్తన్నారు, అది అవదండి. వోల్టేజి 230 ఉంటే సరే, మన పల్లె ఫీడర్లలో సాయంత్రం పూట 195కి దిగుతాది, 14 ఆంప్స్ లాగితే 2.7 కిలోవాట్లు అంతే. అదే తెల్లారగట్ల మూడింటికి వోల్టేజి నిండుగా ఉంటాది, ఎక్కువ ఎక్కుతాది. టైము చూసి యూనిట్లు చెప్పడం ఎవడి వల్లా కాదు.

తోటపాలెం టియాగో:

అబ్బ, ఎంత వివరంగా చెప్పారండీ, ధన్యవాదాలు. మేడమ్ గారింట్లో ఏసీలు మూడంట, ఇప్పుడే ఫోను చేసి కనుక్కున్నా. సాకెట్ మీద చెయ్యి పెట్టి చూశాను, వెచ్చగా ఉంది గానీ కాలట్లేదు, అయినా మేస్త్రి గారు చెప్పినట్టు వేరే లైను లాగించేస్తాను.

రెండు సందేహాలు. స్మార్ట్ ప్లగ్గులు వస్తున్నాయి కదా 16 ఆంప్స్‌వి, ఫోన్లోనే యూనిట్లు కనిపిస్తాయి, సబ్ మీటరు బదులు అవి పెట్టుకుంటే? ఇంకోటి, ఓబీడీ డాంగిల్ (కారు లోపలి వివరాలు ఫోన్లో చూపించే చిన్న పరికరం) పెట్టి బ్యాటరీ హెల్త్ చూడమని మా అబ్బాయి అంటున్నాడు, అది అవసరమా?

కరెంటు మేస్త్రి:

స్మార్ట్ ప్లగ్గు మీద 16 అని రాసి ఉంటాది గానీ లోపల చిన్న రిలే (కరెంటు కలిపి తీసే స్విచ్చు) ఉంటాది, రాత్రంతా 14 ఆంప్స్ లాగించడానికి అది పనికిరాదు. టీవీకి పెట్టుకోండి.

నాగావళి ఒడ్డు:

డాంగిల్ సరదాకి బాగుంటుంది, సెల్ సెల్‌కీ వోల్టేజి కనిపిస్తుంది, ఒక్క సెల్ మిగతా వాటికన్నా కిందికి జారుతుంటే వారంటీ ఉండగానే పట్టుకోవచ్చు. కానీ చూడగానే తీసేయండి, కొన్ని డాంగిల్స్ అలాగే వదిలేస్తే 12 వోల్టుల చిన్న బ్యాటరీని తినేస్తాయి, పెద్ద బ్యాటరీ నిండా ఉన్నా బండి తలుపు కూడా తెరుచుకోదు. యాప్‌లో కనిపించే హెల్త్ శాతం చూసి గుండె జారిపోకండి, 100 దాకా నింపని బండిలో ఆ అంకె కూడా అంచనాయే.

పలాస జీడితోట:

ఇళ్ల లెక్క అందరూ చెప్పీసేరు, హైవే లెక్క నేను చెప్తాను, మాది పలాస, పని మీద నెలకి నాలుగైదు సార్లు వైజాగ్ పోవాలి, బండి కొత్త రకం నెక్సాన్, 40.5ది.

ఊళ్లో తిరిగే అంకె హైవే మీదకి తీసుకెళ్తే దారి మధ్యలో ఉండిపోతారు. స్పీడు 80 నుంచి 100కి పెంచితే గాలి అడ్డం ఒకటిన్నర రెట్లు దాటుతాది, అది బండి ఏదైనా అంతే. మా బండి 80లో 130 లోపు చూపిస్తాది, 100 పట్టి కొడితే 160కి పోతాది. ఆరు లైన్ల రోడ్డు ఖాళీగా కనబడేసరికి కాలు ఆగదు, అది వేరే సంగతి. ఇంకో ముక్క ఎవరూ చెప్పరు, మన 16వ నెంబరు హైవే సముద్రం వెంబడి పోతాది కదా, జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి, పలాస నుంచి వైజాగ్ వేపు పోతుంటే సరిగ్గా ఎదురు కొడతాది, తిరుగొచ్చేటప్పుడు వెనక నుంచి తోస్తాది. వానాకాలంలో ఎల్లేటప్పటి అంకె, వచ్చేటప్పటి అంకె పక్కపక్కన రాసుకుని చూడండి, ఇదే స్పీడు, ఇదే బరువు, తేడా కనబడతాది. నేనయితే ఆ నెలల్లో నరసన్నపేట దాటేలోపు ఎంత శాతం కాలిందో చూసి ఎక్కడ ఆగాలో నిర్ణయించుకుంటాను, షోరూం వాడు చెప్పిన రేంజి జేబులో పెట్టుకుని బయల్దేరను.

ఫాస్ట్ ఛార్జింగ్ రేటు చూసి కళ్లు తిరగొద్దు. నేను కట్టింది 18 శాతం జీఎస్టీ కలిపి యూనిట్ 22, 24 అలగ పడతంది. కిలోమీటరుకి మూడున్నర రూపాయల దాకా అవుతాది. ఇంటి దగ్గర రూపాయి పావలా, హైవే మీద మూడున్నర, రెండూ కలిపి సగటు రాస్తే ఏదీ తెలీదు, విడివిడిగా రెండు కాలమ్స్ పెట్టండి. ఒక ఊరట ఏటంటే ఫాస్ట్ ఛార్జర్ బండిలోని చిన్న ఛార్జరుతో పని లేకుండా డీసీ కరెంటు నేరుగా బ్యాటరీకి ఎక్కిస్తాది, కాబట్టి బిల్లులో వేసిన యూనిట్లకీ బండిలోకి ఎక్కిన వాటికీ తేడా తక్కువ. 80 శాతం దాటితే మటుకు బొట్టు బొట్టుగా ఎక్కుతాది, అక్కడ కూర్చుని 100 దాకా చూస్తే డబ్బు కాదు గానీ పొద్దు పోతాది, వెనక లైన్లో ఉన్నోళ్ల చూపులు కూడా. యాప్‌లో పచ్చగా చూపించిన ఛార్జరు ఎల్లేసరికి చచ్చి ఉండటం మామూలే, అందుకే తరవాత ఛార్జరు దాకా పోయేంత మిగుల్చుకునే ఆగుతాను.

ఇంకొకటి మా ఉద్దానం వేపు వాళ్లకి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొట్టినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, స్తంభాలు, కొబ్బరి చెట్లు ఒకదాని మీద ఒకటి. తుపాను వార్త వచ్చిందంటే ఇప్పుడు మా ఇంట్లో ముందు చేసే పని బండి 100 పెట్టీడం. 2023 నుంచి వచ్చిన కొన్ని నెక్సాన్ ఈవీల్లో బండి నుంచే కరెంటు బయటికి తీసుకునే సదుపాయం ఉంది, ఫ్యాన్లు, లైట్లు, ఫోన్లు గడిచిపోతాయి.

రాజాం బుల్లెట్:

ఎదురుగాలి సంగతి భలే చెప్పేవు తమ్ముడూ, బుల్లెట్ మీద కూడా వైజాగ్ ఎల్లేటప్పుడు అలగే ఉంటాది, ఇన్నాళ్లూ ఇంజినే ముసలిదైపోనాది అనుకున్నాను.

ఆమదాలవలస సోలార్:

శ్లాబుల లెక్క చూశాక ఇది రాయకుండా ఉండలేకపోతున్నా. కారు తినేది పై శ్లాబు అని నాగావళి గారు చెప్పారు కదా, సోలార్ మిగిల్చేది కూడా సరిగ్గా ఆ పై శ్లాబే. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకి 78,000 సబ్సిడీ, 2 కిలోవాట్లకి 60,000. 3 కిలోవాట్ల ప్యానెళ్లు మంచి ఎండ ఉంటే రోజుకి 12 యూనిట్ల దాకా ఇస్తాయి, అంటే మాస్టారి ఇల్లు, కారు కలిపి 330 యూనిట్లు ఎండాకాలం నెలల్లో దాటేస్తుంది, వానాకాలంలో మబ్బు పట్టిన వారాలు సగం కూడా రాదు.

చాలామంది అడిగేది, రాత్రి ఛార్జింగ్ పెడితే సోలార్ ఏం లాభం అని. నెట్ మీటరింగ్‌లో పగలు లైనుకి పంపిన యూనిట్లు, రాత్రి తీసుకున్న యూనిట్లు బిల్లులో తీసివేత అవుతాయి, కాబట్టి స్కూలు నుంచి వచ్చాక సాయంత్రం పెట్టినా నష్టం లేదు. ప్యానెళ్లు ఉన్నాయి కాబట్టి కారు ఫ్రీగా తిరుగుతోంది అని మటుకు చెప్పకండి, ప్యానెళ్లకి పెట్టిన డబ్బు ఎవరిది? నేను సోలార్ ఖాతా వేరే, కారు ఖాతా వేరే రాస్తాను, కారుకి సబ్ మీటరులో చూపించిన యూనిట్లకి పాత శ్లాబు రేటే వేసి, ఆ డబ్బు సోలార్ ఖాతాలో జమ రాస్తాను. అలా చూస్తే ప్యానెళ్ల ఖర్చు ఎప్పటికి తిరిగొస్తుందో కూడా కనిపిస్తుంది.

తోటపాలెం టియాగో:

అందరికీ థాంక్సండి. పాత బిల్లులు తీసి నెల నెలా శ్లాబు ప్రకారం మళ్లీ వేశాను, చలికాలం రూపాయి లోపే ఉంది, ఏప్రిల్, మే రూపాయి పావలా దగ్గర, డ్యూటీ, ట్రూ అప్ వేసేసరికి ఇంకొన్ని పైసలు. సైన్సు మాస్టారికి ఏడాది మొత్తానికి రూపాయి పది, పదిహేను మధ్య వేసుకోండి, వైజాగ్‌లో ఫాస్ట్ ఛార్జింగ్ పెడితే అది వేరే అని చెప్పాను. ఆయన వెంటనే ఇన్సూరెన్స్, టైర్లు, బ్యాటరీ అరుగుదల కూడా కలపండి మరి అన్నారు, అది ఇంకో రోజు మాట్లాడుకుందాం మాస్టారూ అని బెల్లు కొట్టగానే క్లాసుకెళ్లిపోయాను. సబ్ మీటరు కొనడానికి రేపు గంటస్తంభం వైపు వెళ్తున్నా, ఏమని అడగాలి మేస్త్రి గారూ?

కరెంటు మేస్త్రి:

సింగిల్ ఫేజ్, డిన్ రైలు మీద కూర్చునే డిజిటల్ మీటరు అనండి. మీటరు ముఖం మీద ఆంప్స్ రాసి ఉంటాది, 5-30 గానీ 10-60 గానీ ఉన్నది తీసుకోండి, చిన్నవి చవగ్గా అంటగడతారు, వద్దనండి. డిస్‌ప్లేలో యూనిట్ల తరవాత చుక్క పెట్టి ఒక అంకె అయినా చూపించేది అడగండి. బిగించిన రోజు రీడింగు, ఓడోమీటరు రెండూ ఒకే ఫొటోలో రావు కాబట్టి రెండు ఫొటోలు తీసి ఉంచుకోండి. బిగించే ముందు మెయిన్ ఆపించండి, కారు ప్లగ్గు ఎంసీబీ ఒకటే దించితే సరిపోదు.